గోడ మీద క్యాలెండరు, తెర మీద ఆకాశం



చాలా రోజులుగా ఈ టపా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. విషయం చూడటానికి చిన్నదే. కంప్యూటరులో తెరిచిన కిటికీలన్నీ మూసేశాక వెనకాల మిగిలే ఆ ఖాళీ స్థలంలో ఏముండాలి? కదలని బొమ్మ ఒకటి చాలునా, లేక అంతర్జాలం నుండి ఎప్పటికప్పుడు వచ్చే తాజా సమాచారాన్ని అక్కడే కనిపించేలా పెట్టుకోవాలా? ఈ రెండో పద్ధతిని నేను ఏళ్ళ తరబడి ఆచరించాను. కొంత లాభపడ్డాను. ఒకసారి మాత్రం సిగ్గుపడవలసి వచ్చింది. ఆ రెండింటి గురించీ నా అభిప్రాయం చెబుతాను.

ముందు పేరు సంగతి. వాల్‌పేపరుకు తెలుగులో ఏమనాలి అన్న చర్చ మనలో ఎన్నిసార్లు జరిగిందో! గోడకాగితం అంటే నవ్వొస్తుంది. మన ఇళ్ళలో గోడలకు కాగితం అంటించే అలవాటు ఏనాడూ లేదు, సున్నం కొట్టుకోవడమే. కానీ మన గోడలు బోసిగా ఉండేవి కావు. దేవుళ్ళ పటాలు, కాలంచేసిన పెద్దల ఫొటోలు, ఒక గడియారం, రోజుకొక కాగితం చింపే క్యాలెండరు ఉండేవి. ఆ క్యాలెండరు గురించి ఆలోచించండి. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అన్నీ అందులో ఉంటాయి. రోజూ మారుతుంది. పాలవాడి లెక్క దాని మీదే, గ్యాసు బండ వచ్చిన తేదీ దాని మీదే. అంటే తాజా సమాచారం చూపే గోడ మనకు కొత్తేమీ కాదు. తేడా ఒక్కటే. ఆ కాగితాన్ని మా ఇంట్లో అమ్మ చేత్తో చింపేది. చింపేదాకా అది మారేది కాదు, ఎవరినీ పిలిచేది కాదు, చూసినవాళ్ళకు చెప్పేది, చూడనివాళ్ళ జోలికి పోయేది కాదు.

కంప్యూటరు మీద ఇటువంటి ప్రయోగాల్లో నాకు బాగా నచ్చినది 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటరు ప్రయోగశాలలో జరిగింది. అక్కడ పనిచేసే వాళ్ళందరికీ కలిపి ఒకటే కాఫీ పాత్ర ఉండేది. అంతస్తులు దిగి వెళ్ళాక అది ఖాళీగా కనిపిస్తే ప్రాణం ఉసూరుమనేది. అందుకని క్వెంటిన్ స్టాఫర్డ్ ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ అనే ఇద్దరు ఆ పాత్ర ఎదుట ఒక కెమెరా పెట్టి, దాని బొమ్మ అందరి తెరల మీదా ఒక మూల చిన్నగా కనిపించే ఏర్పాటు చేశారు. నూట ఇరవై ఎనిమిది చుక్కల చదరం, నలుపు తెలుపుల బొమ్మ. నిమిషానికి మూడుసార్లు మారితే చాలు, ఎందుకంటే కాఫీ నిండేదే నెమ్మదిగా కదా! 1993లో దాన్ని వెబ్ మీదకు ఎక్కించారు. 2001 ఆగస్టులో ఆపేశారు. ఈ ఏర్పాటులో నాకు నచ్చిన సుగుణాలు మూడున్నాయి. చూపించే వస్తువు చూసేవాళ్ళకు కావలసినదే. అది మారే వేగానికి తగినట్టే బొమ్మా మారింది. ఒక్క చూపుతో సంగతి తెలిసిపోయేది, చదవవలసినది ఏమీ లేదు.

ఆ తరువాత వ్యాపారులు ప్రవేశించారు. 1996లో పాయింట్‌కాస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వచ్చింది. కంప్యూటరు ఊరికే ఉన్నప్పుడు తెరనిండా వార్తలు, షేర్ల ధరలు, వాతావరణం, వాటితోపాటు కదిలే ప్రకటనలు చూపించేది. జనం ఎగబడ్డారు. 1997లో దాన్ని కొనడానికి సుమారు 45 కోట్ల డాలర్లు ఇస్తామని ఒక పెద్ద పత్రికా సంస్థ ముందుకొస్తే యజమానులు ఒప్పుకోలేదు. 1999 వచ్చేసరికి అదే సంస్థ సుమారు 70 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆఫీసుల్లో అందరి కంప్యూటర్లూ ఒకేసారి వార్తలు లాక్కుంటూ ఉంటే అసలు పనికి దారి మిగలక, చాలా కంపెనీలు దాన్ని నిషేధించాయి.

ఆ ఊపులోనే, 1997 సెప్టెంబరు చివర్లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నాలుగుతో పాటు ఆక్టివ్ డెస్కుటాపు వచ్చింది. 1998 జూనులో విడుదలైన విండోస్ 98లో అది భాగమే అయింది. గోడ మీద బొమ్మకు బదులు ఏకంగా ఒక జాలపుటనే పరచవచ్చు. ఒక పక్కన చానెళ్ళ పట్టీ కూడా ఉండేది. అప్పటికి మన దేశంలో అంతర్జాలం ప్రజలకు అందుబాటులోకి వచ్చి మూడేళ్ళయింది (1995 ఆగస్టు 15న కదా మొదలు). ఫోను తీగ మీద, గంటలు లెక్కపెట్టుకుంటూ అంతర్జాలం వాడే రోజులవి. ఆ గోడ తాజాగా ఉండాలంటే తీగ ఎప్పుడూ కలిపి ఉంచాలి, ఫోను బిల్లేమో పెరుగుతూ ఉంటుంది. ఎల్లవేళలా అంతర్జాలం ఉన్న ఇంటి కోసం కట్టిన గోడను, అటువంటి ఇళ్ళు పుట్టకముందే తెచ్చి నిలబెట్టారన్నమాట.

ఇక్కడ ఒక సాంకేతిక విశేషం చెప్పాలి. ఆ చానెళ్ళ విధానాన్ని అప్పట్లో నెట్టుడు పద్ధతి అనేవారు, అంటే సమాచారమే మన దగ్గరకు నెట్టుకొస్తుందని. లోపల జరిగేది మాత్రం వేరు. మన కంప్యూటరే గంటకోసారో రోజుకోసారో వెళ్ళి, కొత్తదేమైనా ఉందా అని అడిగి తెచ్చుకునేది. 1999లో పుట్టి, తరువాత మనందరినీ కలిపిన ఆర్.ఎస్.ఎస్. చందాలు కూడా చేసేది ఇదే. (ఆ పేరు వినగానే కొత్తవాళ్ళు రాజకీయ చర్చకు దిగిపోవడం మీకూ గుర్తుండే ఉంటుంది!) లోపలి యంత్రాంగం దాదాపు ఒకటే అయినప్పుడు చానెళ్ళ పట్టీ ఎందుకు చచ్చింది, చందాలు ఎందుకు బతికాయి? నా ఉద్దేశంలో కారణం ఒక్కటే. చానెళ్ళ పట్టీలో ఎవరుండాలో అమ్మేవాడు నిర్ణయించాడు. చందాల జాబితాను చదివేవాడు తయారుచేసుకున్నాడు. గోడ ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

విండోస్ ఎక్స్‌పీ కాలంలో నేనూ ఈ ముచ్చట తీర్చుకున్నాను. డెస్కుటాపు అమరికల్లోకి వెళ్ళి, వెబ్ అని రాసి ఉన్న అర నొక్కి, చిరునామా ఇస్తే చాలు. నేను ఇచ్చిన చిరునామా ఏదో చెప్పనక్కర లేదనుకుంటాను, కూడలి! గౌతమి ఖతిలో తెలుగు టపాలు గోడ మీద వరసగా కనబడుతుంటే కలిగిన ఆనందం ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. తెరిచిన కిటికీ మూస్తే తెలుగు, మరొకటి మూస్తే మళ్ళీ తెలుగు. కానీ నెల తిరగకుండానే తీసేశాను. తప్పు కూడలిదీ కాదు, కంప్యూటరుదీ కాదు, నాదే. లెక్కల పట్టిక ఒకటి మూసి మరొకటి తెరిచే మధ్యలో కళ్ళు గోడ మీద పడేవి. కొత్త శీర్షిక కనబడేది. ఒక్క నిమిషం చూసి వద్దామని వెళ్ళేవాణ్ణి, వ్యాఖ్యల యుద్ధం ముగిసేదాకా వచ్చేవాణ్ణి కాదు. చదవవలసిన దాన్ని గోడకు ఎక్కిస్తే, అది గోడగా మిగలదని అప్పుడు తెలిసింది.

ఇంకొక ప్రమాదమూ ఉంది. గోడ మీద జాలపుట పరవగలిగితే, ఆ పుట మనం కోరినదే అయి ఉండాలన్న నియమం లేదు. 2005 ప్రాంతంలో కొన్ని దొంగ సాఫ్ట్‌వేర్లు కంప్యూటర్లలో దూరి, మీ యంత్రానికి రోగం పట్టింది, మందు కొనండి అన్న బెదిరింపు పుటను ఆక్టివ్ డెస్కుటాపు ద్వారానే గోడకెక్కించేవి. 2007 జనవరిలో జనానికి అందిన విండోస్ విస్టాలో ఆ సదుపాయాన్ని తీసేశారు. దాని స్థానంలో తెరకు ఒక పక్కన చిన్న చిన్న పరికరాల వరస వచ్చింది: గడియారం, వాతావరణం, వార్తలు. 2012 జులైలో వాటిలోనూ భద్రతా లోపాలున్నాయని, ఆపేసుకోవడం మంచిదని తయారుచేసిన కంపెనీయే హెచ్చరించింది. విండోస్ ఎనిమిదిలో అవి లేవు. 2005లో ఆపిల్ తన కంప్యూటర్లకు ఇచ్చిన డాష్‌బోర్డు 2019 నాటి కాటలీనాలో మాయమైంది. పుట్టడం, పోవడం, మళ్ళీ మరో పేరుతో పుట్టడం! మనిషికి ఈ కోరిక చావలేదని మాత్రం దీన్నిబట్టి తెలుస్తోంది. ఈనాడు లైవ్‌లీ వాల్‌పేపర్, వాల్‌పేపర్ ఇంజిన్, మాక్ వాడేవాళ్ళకు ప్లాష్ వంటివి గోడ మీద జాలపుటను పరచగలవు. లినక్సులో కేడీఈ వాడేవాళ్ళు రోజుకొక ఖగోళ చిత్రం తనంతట తానే మారేలా పెట్టుకోవచ్చు.

మరోవైపు, మనం అడగకుండానే గోడలు ప్రాణం పోసుకుంటున్నాయి. కొన్ని ఫోన్లలో తాళం తీయకముందే తెరనిండా సినిమా కబుర్లు, ప్రకటనలు కనిపిస్తాయి. 2021లో వచ్చిన విండోస్ పదకొండులో వార్తల పలక ఒకటి సిద్ధంగా ఉంటుంది. పాయింట్‌కాస్ట్ పోయిందనుకున్నాం గానీ, దాని ఆలోచన పోలేదు.

ఒక మిత్రుడితో ఈ సంగతి మాట్లాడితే, "గోడ మీద ఏముంటే ఏమిటండీ, కిటికీ తెరిస్తే ఎలాగూ కనబడదు గదా" అన్నారు. నిజమే. కానీ ఎప్పుడు కనబడుతుందో చూడండి. ఒక పని ముగించి ఇంకొకటి మొదలుపెట్టే ముందు కనబడుతుంది. అప్పుడు మనసు దేనికీ కట్టుబడి ఉండదు. ఆ క్షణంలో ఎదురుగా ఏది ఉంటే అది లోపలికి వచ్చేస్తుంది. పని చేస్తున్న మనిషిని పిలవడం కష్టం, గుమ్మంలో నిలబడ్డవాణ్ణి పిలవడం సులువు. ఆ గుమ్మాన్ని పరాయివాళ్ళకు అప్పగించకూడదన్నదే నా వాదం.

ఇలా ఆలోచించి నాకు నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. గోడ మీద ఉండేది నేను ఎంచుకున్నదే కావాలి. దానిలో అక్షరాలు ఉండకూడదు, ఉన్నా తేదీ, సమయం తప్ప మరేవీ వద్దు. అది ప్రపంచంలో నిజంగా మారే వేగంతోనే మారాలి. నన్ను ఏమీ అడగకూడదు, నొక్కమనకూడదు. ఈ నియమాలన్నిటికీ నిలబడగలిగింది నాకు ఒకటే కనిపించింది, అది ఆకాశం.

మన భారత వాతావరణ శాఖ ఇన్సాట్ ఉపగ్రహాలు తీసే మేఘాల చిత్రాలను అరగంటకొకటి చొప్పున అందరికీ అందుబాటులో ఉంచుతుంది. 2013లో ఎగిరిన ఇన్సాట్ 3డీ, 2016లో ఎగిరిన 3డీఆర్, 2024 ఫిబ్రవరిలో ఎగిరిన 3డీఎస్ ఈ పని కోసం పంపినవే. అరగంటకోసారి చిత్రాన్ని దింపుకుని గోడకు అతికించే నాలుగు వాక్యాల చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. ఎడమన అరేబియా సముద్రం, కుడిన బంగాళాఖాతం, మధ్యలో మన నేల. జూనులో కేరళ వైపు నుండి మబ్బులు పైకి పాకుతాయి. అక్టోబరు, నవంబరుల్లో తూర్పున సుడులు కడతాయి. ఏళ్ళు గడిచినా విసుగు పుట్టలేదు. బెంగుళూరులో కూర్చున్న నాకు, రేపల్లె దగ్గరి మా ఊరి మీద ఏ మబ్బు ఉందో తెలుస్తుంటే, ఇంటి అరుగు మీద కూర్చున్నట్టే అనిపించేది. ఒకసారి పండగకు వెళ్ళినప్పుడు అమ్మకు కూడా చూపించాను. "మన ఊరి పైన ఆకాశం అంతా నా కంప్యూటరులో కనిపిస్తుందమ్మా" అని గొప్పగా చెప్పాను.

ఇక సిగ్గుపడిన సంగతి. 2023 డిసెంబరు మొదటి వారం. మిచౌంగ్ తుపాను. ఆకాశం ఎలా చుట్టుకుందో మూడు రోజులపాటు నా గోడ మీద చూస్తూనే ఉన్నాను. తెల్లని ముద్ద చెన్నై దగ్గర నిలిచి, ఆ ఊరిని ముంచెత్తి, మెల్లగా తీరం వెంబడి పైకి జరిగింది. ప్రతి అరగంటకూ చూశాను. మధ్యలో నా పని నేను చేసుకున్నాను. చూస్తూ ఉండటమే ఇంటివాళ్ళను కనిపెట్టుకుని ఉండటం అన్న భ్రమలో ఉన్నానని ఇప్పుడు తెలుస్తోంది. డిసెంబరు 5 ఉదయం, అది బాపట్ల దగ్గర తీరం దాటడానికి కొన్ని గంటల ముందు, అమ్మకు ఫోను చేశాను.

"ఎట్లా ఉందమ్మా అక్కడ?"

"గాలి తిప్పేస్తోందిరా. పొద్దున్నే కరెంటు పోయింది. మేం బాగానే ఉన్నాం. పనలే చేలో ఉండిపోయినై. తమ్ముడూ ఇంకో ముగ్గురూ నిన్న చీకటి పడిందాకా కుప్పేశారు. ఇంకా ఎకరం పైన మిగిలిపోయింది. ఇంకో నలుగురు మనుషులు దొరికితే అయిపోయేది. అందరికీ ఒకేసారి కావాలాయె, కూలి రెట్టింపు అడుగుతున్నారు. తమ్ముడి చేతిలో అంత లేదు."

"ముందే ఒక్కమాట చెప్పకపోయావా అమ్మా, పంపేవాణ్ణి గదా!"

"నువ్వు చూస్తూనే ఉంటావు గదరా, నీకు తెలుసుననుకున్నా."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కోసిన వరి పనల మీద వాన పడితే ఏమవుతుందో తెలియనివాణ్ణి కాను, ఆ ఇంట్లోనే పెరిగాను. గింజ తడిసి రంగు మారుతుంది, మొలకెత్తుతుంది, కొనేవాడు ఉండడు. డిసెంబరు మొదటి వారమంటే డెల్టాలో కోతల కాలమనీ తెలుసు. అన్నీ తెలిసీ, మూడు రోజులపాటు తెల్లని సుడిని చూస్తూ, ఆ ఎకరం గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఉపగ్రహం పరారుణ కిరణాలతో తీసే చిత్రం మేఘాల పైభాగం ఎంత చల్లగా ఉందో చెబుతుంది. ఎంత తెల్లగా కనిపిస్తే అంత చల్లన, అంత ఎత్తు. ఆ మబ్బు కింద వాన పడుతోందా, గాలి ఎంత వేగంగా ఉంది, చేలో పనలు ఉన్నాయా కుప్ప పడిందా అనేవి అందులో ఉండవు. పైగా మనకు కనిపించేసరికి అది గడిచిపోయిన ఆకాశం. ప్రత్యక్షం అని మనం మురిసిపోయేది నిజానికి కాస్త పాతబడిన ఫొటో మాత్రమే.

ఆ ఎకరం ధాన్యంలో సగానికి పైగా పోయింది. తమ్ముడు నన్ను ఏమీ అనలేదు. అమ్మ కూడా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను పక్క తీరం నుండి చూసిన మనిషి, ఎకరం పంట గురించి ఎక్కువ సేపు బాధపడదు. నాకే ఇంకా మనసులో తిరుగుతోంది.

ఆ తరువాత కొన్నాళ్ళు గోడను నల్లగా ఉంచేశాను. మళ్ళీ ఆలోచిస్తే, తప్పు ఆకాశానిది కాదనిపించింది. అమ్మ క్యాలెండరు కాగితం చింపడానికి లేచి గోడ దాకా వెళ్ళేది. తిథి చూశాక దానికి తగిన పని ఒకటి చేసేది: ఏకాదశి అయితే వంట మారేది, వర్జ్యమైతే ప్రయాణం ఆగేది. చూడటం వెంట చేయడం ఉండేది. నా గోడ తనంతట తానే మారిపోతూ, నేను చేయవలసింది ఏమీ మిగల్చలేదు. చూశాను గనక ఏదో చేసేశానన్న తృప్తిని మాత్రం ఉచితంగా ఇచ్చింది. తాజా సమాచారంతో వచ్చే అసలు ప్రమాదం ఇదేనని నాకిప్పుడు అనిపిస్తోంది. పని చెడగొట్టే వార్తలనూ ప్రకటనలనూ గుర్తుపట్టడం సులువు, తీసేయడమూ సులువు. మనం ప్రేమతో పెట్టుకున్న బొమ్మ మన ప్రేమకు ప్రత్యామ్నాయమై కూర్చుంటే మాత్రం, దాన్ని గుర్తుపట్టడం చాలా కష్టం.

కాబట్టి నా తుది అభిప్రాయం ఇది. తెర వెనక గోడను సజీవంగా ఉంచుకోవడం తప్పు కాదు. నాలుగు నియమాలు పైన చెప్పాను, వాటికి ఐదోది చేర్చుతున్నాను: గోడ మీద కనిపించేది ఒక మనిషికి సంబంధించినదైతే, చూసిన వెంటనే ఆ మనిషితో మాట్లాడాలి. మాట్లాడే ఓపిక లేకపోతే, ఆ బొమ్మ తీసేసి ఏ హిమాలయాల ఫొటోనో పెట్టుకోవడమే నిజాయితీ.

ఇప్పుడు నా తెర మీద ఆకాశం మళ్ళీ ఉంది. స్క్రిప్టును మాత్రం మార్చాను. అది తనంతట తాను చిత్రం తేదు. నేను మీట నొక్కితేనే తెస్తుంది, కాగితం చింపినట్టు. కోతల రోజుల్లో మీట నొక్కేది తమ్ముడికి ఫోను చేశాకే. "పనలెంత ఉన్నాయిరా, కుప్పెంత పడింది" అని ముందు అడుగుతాను, ఆ తరువాతే మబ్బులు చూస్తాను.

మీ తెరల వెనక గోడల మీద ఏముందో, ఎందుకుందో తెలుసుకోవాలని ఉంది. నా వాదనలో తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి. పాత రోజుల్లో లాగే వ్యాఖ్యల్లో కలుద్దాం.